మామ డప్పు, సదన్న మెషిన్లు

ఆదివారం రాత్రి, గోదావరిఖని

ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. ధూంధాం సభల్లో పాడే మా బృందం కోసం, మా లీడర్ సదన్న హైదరాబాద్ నుంచి రెండు మెషిన్లు తెచ్చాడు. రెండింట్లో ఒకటే ఉంచుకోవాలి. డ్రమ్ మెషిన్‌లో చప్పుళ్ళన్నీ ముందే నింపి ఉంటాయి. సాంప్లర్‌లో మనం రికార్డు చేసుకున్న చప్పుడే మోగుతుంది. సాంప్లరే కావాలని పొద్దున్నుంచి కొట్లాడింది నేనే. మా బృందంలో డప్పు కొట్టే కొమురయ్య మామ చప్పుడు అందులో వినబడాలని నా ఆశ.

రిహార్సల్ హాల్లో మామ సంచిలోంచి డప్పు తీసి, తోలు బిగియడానికి సెగకు కాచుకుంటానన్నాడు.

“మెషిన్ల పక్కన మంట గింట వద్దు మామా, గట్లనే కొట్టు” అన్నాడు సదన్న.

కొట్టాడు. తడి గోనెసంచిని బాదినట్టు వచ్చింది. సదన్న నవ్వాడు. “గిదేం డప్పు? డ్రమ్ మెషినే నయం.”

ఊరంతా బొగ్గు మీద బతుకుతున్నాం. డప్పు కాచుకోవడానికి గుప్పెడు నిప్పుకు కరువా?

మామ డప్పు పట్టుకుని లేచాడు. బయటికి పోయి, మెషిన్ వచ్చిన అట్టపెట్టెనే చింపి మంట పెట్టాడు. డప్పు కాచి, లోపలికొచ్చి ఒక్క దెబ్బ వేశాడు. హాలు కిటికీలు అదిరాయి.

“జల్ది రికార్డు చెయ్యి సుజాతా!” అని నా వైపు తిరిగి అరిచాడు సదన్న. “గిది ఎక్కితే చాలు, రేపటి సంది మామ రాకున్నా నడుస్తది.”

డ్రమ్ మెషిన్‌కు మామ అసలే అక్కర్లేదు. నేను కావాలని కొట్లాడిన సాంప్లర్‌కు మామ ఒక్క దెబ్బ వరకే కావాలి, ఆ తర్వాత అక్కర్లేదు.

మైకు వైరు పీకేశాను. అది ఇప్పుడు నా దిండు కింద ఉంది. పొద్దున సదన్న అడగడానికి వస్తాడు. రానీ.