పాట నడుమ తెగిన పోగు

నీలం నగర్, సోలాపూర్

అక్కా,

ఇది ఫోన్‌ల చెప్తే ఒడిసేది కాదు, అందుకే రాస్తున్న. మా బిడ్డ ఋతుజ చప్పుళ్లతోని పాటలు కట్టే చదువు చదువుతున్నదంటే నవ్వినవ్ గద, ఇప్పుడు విను.

మా బట్ట నేసే కరెంటు సాంచాలు తుక్కుకు పోకముందే వాటి చప్పుడు ఫోన్‌ల పట్టుకున్నదట. నిన్న ఖాళీ కార్ఖానల కంప్యూటర్ పెట్టి, ఆ చప్పుడునే సాగదీసి చేసిన పాట వినిపించింది. అదే ఖట్‌ఖట్ మెల్లగ వాన అయింది, వాన మనిషి ఊపిరయింది. సాంచాలు పోయినకాంచి నోరు విప్పని మా ఆయన కండ్లు మూసుకొని విన్నడు.

నడుమ పాట ఏకదమ్ ఆగింది. ఋతుజనే కావాల్నని అట్ల ఆపిందట. ఆయన గబుక్కున లేచి, సాంచా ఉన్న జాగల ఉత్త గచ్చు మీద వంగిండు.

"పోగు తెగినట్టున్నది బిడ్డా, ఉండు, అతుకుత" అన్నడు.

నీ చెల్లె