నిన్నెవరూ చూడటం లేదు

నవంబర్ 10, సోమవారం
పోయిన సెమిస్టర్‌లో సెమినార్ చెప్పమంటే కడుపునొప్పని బాత్రూంలోకి పోయి గడియ వేసుకున్నాను. ఈసారి చెప్పకపోతే బాటనీ ఫెయిల్. కౌన్సెలర్ జ్యోతిలక్ష్మి మేడం నా ఫోన్‌లో ఒక యాప్ వేయించారు. రోజుకో చిన్న సాహసం చేసి, వారానికోసారి ఆవిడకు చెప్పాలట. మాట్లాడటానికి భయపడేవాళ్ల యాప్ మొట్టమొదట అడిగింది మైక్ పర్మిషన్.

నవంబర్ 11, మంగళవారం
ఈరోజు టాస్క్: కావలసింది నోరు తెరిచి అడగాలి. రెండేళ్లుగా క్యాంటీన్‌లో ఆదెన్న ఇచ్చే పానకంలాంటి టీ తాగుతున్నాను. “చక్కెర తక్కువ” అనాలని వెళ్లాను. “చక్కెర” వరకే గొంతు పెగిలింది. ఆదెన్న ఇంకో చెంచా వేశాడు. థాంక్స్ చెప్పి తాగాను. ‘ప్రయత్నించాను’ అని నొక్కితే యాప్ చప్పట్లు కొట్టింది.

నవంబర్ 13, సాయంత్రం 6
బుక్కరాయసముద్రంలో మా పిన్ని మదీనా ఖాలా ఇంటికి బయల్దేరాను. బస్సు కిక్కిరిసి ఉంది. గుండె దడ. ఇయర్‌బడ్స్ పెట్టుకుని యాప్ ఆన్ చేశాను. వాటి చార్జింగ్ ఎప్పుడో అయిపోయిందట. ఫోన్‌లోంచి ఆడగొంతు బస్సంతటికీ చెప్పింది: “ఫిర్దోస్, నిన్నెవరూ చూడటం లేదు.”

అందరూ చూశారు. డ్రైవర్ అద్దంలోంచి చూశాడు.

పక్క సీటు అవ్వ, పేరు తిప్పమ్మట, “ఎవురు పాపా ఆ యమ్మ? నిన్ను బుజ్జగిస్తాండాది?” అంది. దిగి పారిపోదామంటే బస్సు ఆగదు. సెమినార్ సంగతంతా చెప్పేశాను.

“మాట్లాడేకి భయమేమే? నాకు చెప్పు, నేనేమన్నా కరుస్తానా?” అంది.

వేరుశనగ తెగుళ్ల మీద సెమినార్ మొత్తం చెప్పాను. సగంలోనే అవ్వ గుర్రుపెట్టింది. నేను ఆపలేదు.

నవంబర్ 14
సోమవారమే నా వంతు. కడుపునొప్పి. ఈసారి నిజమైనదే.

నవంబర్ 17, సోమవారం
రెండో స్లయిడ్ దగ్గర బుర్ర ఖాళీ అయిపోయింది. తలుపు తెరిచే ఉంది. కాళ్లు అటే తిరిగాయి.

“సార్, నాకు భయంగా ఉంది. ఒక్క నిమిషం,” అన్నాను. అన్నది నేనే.

హనుమంతరాయుడు సార్, “నిదానంగా చెప్పమ్మా, మేము యాడికీ పోము,” అన్నారు.

వెనక బెంచీ నుంచి చైతన్య, “క్యాంటీన్ మూసేస్తారు సార్,” అన్నాడు.

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆ తర్వాత మాటలు వచ్చాయి.

హాస్టల్‌కొచ్చి ఏడ్చాను. ఎందుకో తెలియదు. రూమ్మేట్ అశ్విని వచ్చి పక్కనే కూర్చుంది. తర్వాత ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఎక్కువగా నేనే.

నవంబర్ 22
యాప్ నుంచి మెసేజ్: ‘కొన్ని రోజులుగా కనిపించడం లేదు. బాగున్నావా? మాట్లాడాలనిపిస్తే నేనున్నాను.’

పాపం, దానికి ఎవరూ లేనట్టున్నారు.