బిరడా బిగించానన్న మాట

తొమ్మిదో తారీఖు, శుక్రవారం

వదినగారికి నమస్కారాలు.

మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మెట్లెక్కడం మానేశారా లేదా? అన్నయ్యగారు బీపీ మాత్ర వేళకి వేసుకుంటున్నారా? మీరే గుర్తుచేయాలి, మగవాళ్ళకి పట్టదు. చిన్నమ్మాయి దగ్గు పోయిందా? పది రోజులు దాటిన దగ్గంటే నాకు భయం. నాకేం, గుండెదడ తప్ప బాగానే ఉన్నాను. మీ అల్లుడు ఆసుపత్రి నుంచి వచ్చి వారమైంది. నడుస్తున్నాడు, తింటున్నాడు. మీ అమ్మాయే బాగాలేదు. అందుకే రాస్తున్నాను. నా రాత మీకు తెలుసు, కూడబలుక్కుని చదువుకోండి.

వాళ్ళిద్దరూ చేసే పడవలు మీరు చూశారుగా. ఐదు ముక్కలు, గిన్నెలో గిన్నెలా ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోతాయి. కొన్నవాళ్ళు కారులో వేసుకెళ్ళి, చెరువుగట్టున పావుగంటలో బోల్టులు బిగించుకుని సరదాగా తెడ్డేసుకుంటారు. కొత్తది ఏది తయారైనా పెట్టెలో సర్దేముందు మావాడు ఒకసారి నీళ్ళమీద తిప్పి చూస్తాడు. వెనక ముక్క అడుగున, చేరిన నీళ్ళు వదిలేయడానికి బొటనవేలంత కన్నం ఉంటుంది. దానికి బిరడా తిప్పి బిగించే పని మీ అమ్మాయిది. బిగించి, బిగించానని పైకి చెప్పాలి. ఆ మాట వినిపిస్తేగాని వీడు పడవలో కాలుపెట్టడు. ఆరేళ్ళుగా అదే పద్ధతి.

ఆ రోజు కూడా చెప్పింది. నేను గట్టుమీదే ఉన్నాను, విన్నాను. మబ్బు పట్టింది, వద్దురా అన్నాను. నీ మాట వింటే పడవలు మానేసి పీటలు చేసుకోవాలని నవ్వి వెళ్ళాడు. అడుగున ఒకదానిమీద ఒకటి రెండు పలకలుంటాయట, వాటి మధ్య నీళ్ళు చేరుతుంటే పైకి కనబడదట. నడిమధ్యకెళ్ళాక గాలికి ఒరిగి తిరగబడింది. తాడులో కాలు చిక్కుకుంది. పక్క పడవవాళ్ళు పైకి లాగేసరికి పెదాలు నల్లబడిపోయాయి. పడవ ఒడ్డుకి తెచ్చి చూస్తే కన్నానికి బిరడా లేదు.

ఇంటికొచ్చిన రోజు దానితో ఒక్కటే అన్నాడు. "నీ మాట నమ్మి ఎక్కాను." అంతే, మళ్ళీ పలకరించలేదు. కార్ఖానా తాళంచెవి దాని దగ్గర్నుంచి తీసేసుకున్నాడు. ఇప్పుడది గ్యాసు కట్టేశానా లేదా అని నాలుగుసార్లు వెళ్ళి చూస్తుంది, ఐదోసారి నన్ను చూడమంటుంది. నిన్న నా పక్కన కూర్చుని, "అత్తయ్యా, బిగించినట్టే గుర్తు. కానీ అక్కడ లేదంటే, బిగించలేదనేగా," అంది. నేను లేచి గ్యాసు చూసొచ్చాను. కొన్నాళ్ళు పుట్టింట్లో ఉంటే మంచిదంటున్నాడు వాడు. ఎన్నాళ్ళని నేనడగలేదు. బట్టలు మాత్రం అన్నీ సర్దమన్నాడు.

ఉంటాను.
మీ వియ్యపురాలు

ఇంకో మాట. పైన రాయడానికి చెయ్యాడక ఇక్కడ రాస్తున్నాను. మీరు దాన్ని తిట్టకండి. అది బిగించింది. వాళ్ళిద్దరూ తెడ్లకోసం గట్టుమీది కార్ఖానాలోకెళ్ళినప్పుడు నేనే విప్పేశాను. గట్టుదగ్గరే నీళ్ళొస్తాయి, దిగేస్తాడు, ఆ పూటకి గండం గడుస్తుందనుకున్నాను. అడుగున రెండు పలకలుంటాయని నాకేం తెలుసు. ఈ సంగతి తెలిస్తే వాడు నా మొహం చూడడు. నాకు వాడొక్కడే, మీకింకో కూతురుంది. దానికెలాగూ తనే మరిచిపోయానని నమ్మకం కుదిరింది, అలాగే ఉండనివ్వండి. ఈ కాగితం వాడి కంటబడితే నేను ఆ చెరువు చూసుకోవాల్సిందే, ఆ పాపం మీకెందుకు. చదివి పొయ్యిలో వేయండి. పద్దెనిమిదో తారీఖు, ఆదివారం, పొద్దుటి బస్సుకి దాన్ని తీసుకొస్తాను.