యోబు పిడికెడు బియ్యం

ధర్మసాగర్, 1978

సమ్యేలు బిడ్డా, దేవుని దయతో ఉన్నాం, ఫికర్ చేయకు.

నీ తమ్ముడు యోబు చనిపోయినప్పటి నుండి మీ నాయన గుడికి రావడం లేదు. మన మెథడిస్టు గుడి మీ నాయనమ్మ కాలం నుండి ఇంటింటి బియ్యంతోనే నిలబడింది. ఎసరు పెట్టగానే తలకొక పిడికెడు దేవునికి తీస్తాం కదా. మొన్న యోబు పిడికెడు కూడా తీస్తుంటే మీ నాయన, "లేనోని బియ్యమెందుకు తీస్తవే?" అని కసిరాడు. "ఇంట్ల లేడు గని సంఘంల ఉన్నడు, నేనైతే తీసుడు ఆపను" అన్నాను.

కోడలికి నెలలు నిండాయా, రాయి.

వచ్చే శనివారం గుడికి కొత్త దూలం ఎత్తుతున్నాం. నువ్వు తప్పక వచ్చి ఒక కొస పట్టుకో. రెండో కొస తమ్ముడు పట్టాల్సింది. మీ నాయనను నేను పిలవను, నిన్ను చూసి ఆయనే ఆ కొస పట్ట లేచి వస్తాడు.

చల్లగా ఉండు బిడ్డా.
మీ అమ్మ