బావ రంగేసిన గుర్రాలు

లక్ష్మక్కకు శీను దండాలు.

ఇక్కడ నేను, నీ మరదలు సుజాత, బావ ముగ్గురం మంచిగున్నాం. అవ్వ మోకాలు ఎట్లుంది? నొప్పుల నూనె అయిపోయిందన్నావు కదా, ఇచ్చోడ సంతలో ఒక ముసలాయన మంచిది అమ్ముతాడు, వచ్చేటప్పుడు తెస్తాను. బీడీలు చుట్టీ చుట్టీ నీ మెడ పట్టేసిందన్నావు, తగ్గిందా? పిల్లలు బడికి సరిగ్గా పోతున్నారా?

ఫోన్ చేయకుండా వీడు ఇంత పొడుగు ఎందుకు టైపు చేశాడా అనుకుంటావు. నువ్వు ఫోన్ ఎత్తితే స్పీకర్ పెడతావు, పక్కింటివాళ్ళంతా వింటారు. ఇది నువ్వొక్కదానివే చదువుకో అక్కా. అవ్వకు తర్వాత నిమ్మళంగా చెప్పు.

బావ గురించి ఫికర్ చేయకు. ఇక్కడ చలి మన సిరిసిల్ల చలి కాదు, పొద్దున దుకాణం షట్టర్ ముట్టుకుంటే వేళ్ళు కొరుకుతుంది. నా స్వెటర్ బావకే ఇచ్చాను. జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు ఇష్టంగా తింటున్నాడు. దుకాణం కూడా బాగానే నడుస్తోంది. ఒకరు మరాఠీలో బకెట్ అడుగుతారు, ఒకరు గోండిలో కుర్చీ అడుగుతారు, నేను అందరికీ హిందీలో జవాబు చెప్తాను. అందరం బాగున్నాం, నిజంగా.

ఇక అసలు మాట. దీని దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు ఆగిపోతున్నాయి.

దసరా అయినంక వీడియో కాల్‌లో నా వెనక బల్ల మీద సిపాయి బొమ్మలు చూశావు, గుర్తుందా? "ఏందిరా శీను గవి? గంతగనం బొమ్మలు!" అని అడిగావు. నేను ఠక్కున, "ఆర్డర్ పనక్కా. నాగపూర్ సేటుకు రంగులేసి ఇస్తున్న" అన్నాను.

అబద్ధమక్కా. ఆర్డర్ లేదు, సేటు లేడు. అవి నేను ఆడుకునే బొమ్మలు.

నలభై దాటినవాడికి బొమ్మలాట ఏంటంటావు. విను. ఇక్కడికి కొత్తగా వచ్చినప్పుడు దుకాణం కట్టేశాక పలకరించే మనిషి లేడు. ఒకరోజు ఫోన్‌లో ఎవరో బల్ల మీద యుద్ధం ఆడుతుంటే చూశాను. వేలెడంత సిపాయిలు. రెండు దిక్కులా ఫౌజు నిలబెడతారు, టేపుతో కొలిచి జరుపుతారు, పాచికలు వేసి ఎవరు చచ్చారో తేలుస్తారు. మన పచ్చీసు లాంటిదే అనుకో, గళ్ళకు బదులు గుట్టలు, వాగులు ఉంటాయి. అట్లా నాగపూర్‌లో ఒకాయన దోస్తయ్యాడు. మరాఠీలో అన్నను పిలిచినట్టు, భావు అని పిలుస్తాను. ఆయన బల్ల మీద ఏముంటుందో నా బల్ల మీదా అదే పెట్టుకుని, ప్రతి ఆదివారం ఫోన్‌లు స్టాండ్‌కు బిగించి ఆడతాం. అది కాక ఫోన్‌లో మ్యాప్ మీద ఇంకో యుద్ధం నడుస్తుంటుంది, రోజుకొక ఎత్తు. ఇప్పుడైతే థర్మాకోల్‌తో ఎల్గందల్ కోట కడుతున్నా. ఒక బురుజు లేచింది, గుట్ట సగంలో ఉంది. గిన్నెలు తోమే పీచు చెట్లయింది, నీలం కవరు వాగయింది. సుజాత అంటుంది, "దుకాణంల సామాను సగం కోటల్నే ఉన్నది. గిరాకొస్తే ఆడికే తోలుత."

నువ్వు మెడ విరిగేలా బీడీలు చుడుతుంటే, బావ రాత్రింబగళ్ళు సాంచెల దగ్గర, ఆ మరమగ్గాల మోతలో నిలబడుతుంటే, నేను బొమ్మలతో ఆడుతున్నా అని చెప్పడానికి నోరు రాలేదు. అందుకే పని అన్నాను. నువ్వేమో మురిసిపోయి, మా తమ్ముడు కార్ఖానా పెట్టిండని వాడకట్టంతా చెప్పుకున్నావు. బావ, "నేను గూడ అస్తున్నరా, నాకింత పని చూపియ్యి" అని ఫోన్ చేసినప్పుడైనా ఆపాల్సింది. "రా బావా" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

బస్సు దిగి, కాళ్ళు కడుక్కోక ముందే "పని ఏదిరా?" అన్నాడు. చేతికి ఏదో ఒకటి ఇవ్వాలి కదా. రంగు వేయాల్సిన గుర్రాలు ఇచ్చాను. రెండు రోజుల్లో చెప్దాం అనుకున్నాను. వారం దాటింది.

అక్కా, బావ చేయి నీకు తెలుసు. నేను గుర్రానికి ఒక్క గోధుమ రంగు పూసి వదిలేసేవాణ్ణి. బావ కళ్ళేనికి ఒక రంగు, జీనుకు ఒక రంగు, జీను అంచుకు చీర అంచులాగా సన్నటి గీత వేశాడు. ఊపిరి బిగబట్టి వేస్తాడు. ఒకరోజు అన్నాడు, "గీ పనికి చప్పుడే లేదురా శీను. సాంచెల కాడ అరిసి అరిసి, ఇంట్ల గూడ అరుసుడే అలవాటైంది. లక్ష్మి తిట్టేది. గిప్పుడు సూడు, ఎంత మెల్లగ మాట్లాడుతున్ననో." నిజమే, మెల్లగానే మాట్లాడుతున్నాడు. నేను తల వంచుకుని బకెట్లు సర్దుకున్నాను.

సుజాత వంటింట్లో పట్టుకుంది. "అన్న చేతులకు రంగంటింది. నీ మొఖానికి సిగ్గు ఎప్పుడంటుతది?"

మొన్న ఆదివారం భావు ఫోన్ చేశాడు. నేను ముందర గిరాకీతో ఉన్నాను. లోపలికి వచ్చేసరికి, స్టాండ్‌కున్న ఫోన్ ముందు బావ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. భీవండిలో సాంచెలు నడిపినవాడు, హిందీ బాగా వస్తుంది కదా. ఒక్కో గుర్రాన్నీ ఫోన్ ముందుకు తీసుకుపోయి, ఇటు తిప్పి అటు తిప్పి చూపిస్తూ, హిందీలోనే చెప్తున్నాడు. "సేట్ సాబ్, మాల్ బరాబర్ చూసుకోండ్రి. యాడన్న తప్పుంటె చెప్పుండ్రి, మల్ల ఏస్త. కూలి మాత్రం కొయ్యకుండ్రి."

బట్టలో పోగు తప్పితే సాంచెల ఓనరు, ఆ ఆసామి, కూలి కోస్తాడు కదా, ఇక్కడా అట్లాగే అనుకున్నాడు. భావుకు ఏమీ అర్థం కాలేదు. నవ్వాడు. "కైసా మాల్, దాదా? హమ్ తో ఖేల్తే హై!" అన్నాడు. మాల్ ఏంటి అన్నా, మేం ఆడుకుంటాం కదా అని. నేను చెప్పాల్సిన మాట, అక్కా. బావ ముఖమైనా ఎరుగని మనిషి నవ్వుతూ చెప్పేశాడు.

బావ గుర్రాన్ని బల్ల మీద దాని జాగాలో పెట్టాడు. కుంచె కడిగి, వెంట్రుకలు సూటిగా ఒత్తి, ఆరబెట్టాడు. అప్పుడు నా దిక్కు చూశాడు.

"ఆటనారా?"

"ఆటే బావా."

"ముందే చెప్తె అయిపోవు గదరా. సాంచె ఇడిసిపెట్టి అచ్చిన."

అది కూడా మెల్లగానే అన్నాడు. అరిచినా బాగుండేది.

పొద్దున లేచి నాకే దారి చెప్పాడు. "లక్ష్మికి ఆర్డర్ బందయిందని చెప్దాం. అందరికి చెప్పుకున్నది, దాని ఇజ్జత్ పోతది." నేను సరే అనబోయాను అక్కా. దాచను. సుజాత చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఇగ అన్నతోటి గూడ అబద్ధం ఆడిపిస్తవా?" అంది. అందుకే ఈ టైపు చేయడం.

ఇప్పుడు ఒక పని చేయి. రేపు పొద్దున్నే ఆసామి ఇంటికి పోయి, మా ఆయన తిరిగి వస్తున్నాడు, ఆ సాంచె ఎవరికీ ఖాయం చేయకు అని చెప్పు. ఎందుకని అడిగితే, శీనుగాడే వచ్చి చెప్తాడను. బుధవారం బావా నేనూ బస్సెక్కుతున్నాం, కరీంనగర్‌లో మారి చీకటి పడకముందే వస్తాం. ఆసామి ముందు తప్పు నాదని నేనే చెప్తాను. వేరేవాళ్ళను పెట్టేసి ఉంటే, బావకు ఇంకో సాంచె దొరికేదాకా ప్రతి కార్ఖానా తిరుగుతాను. దుకాణం సుజాత చూసుకుంటుంది. వాడకట్టులో ఎవరడిగినా, మా తమ్ముడు బొమ్మలతో ఆడుకుంటున్నాడని చెప్పేయి. నన్ను చూసి నవ్వనీ.

ఆట మానేస్తానని ఒట్టు పెట్టను. పెడితే అది ఇంకో అబద్ధమవుతుంది. ఇది టైపు చేస్తుంటేనే భావు మెసేజ్ వచ్చింది, మ్యాప్‌లో నీ వంతు అని. నా మనసు ఒక్క ఘడియ అటు పోయింది. చూడు, ఎంత సిగ్గులేనివాణ్ణో. బావ సాంచె ఎక్కేదాకా మాత్రం ఆ ఫౌజు ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఒక్క మాట మిగిలింది. బావ బ్యాగు సర్దుకుంటూ, తను మొదట రంగేసిన గుర్రం తీసుకోవచ్చా అని నన్ను అడిగాడు. నన్ను, అక్కా! అడగాలా? పాత గుడ్డపేలికలో చుట్టి అంగీ జేబులో పెట్టుకున్నాడు, లక్ష్మికి చూపిస్తానని. అది నీ చేతికి ఇచ్చినప్పుడు నా మీది కోపం దాని మీద చూపించకు. దీపం దగ్గరికి తీసుకుపోయి, జీను అంచు చూసి, మంచిగుందని చెప్పు. నేను చెప్పిన పనంతటిలో అదొక్కటే అబద్ధం కాదు.

అవ్వ కాళ్ళకు మొక్కానని చెప్పు. పిల్లలకు ముద్దులు. దీవించమని అడిగే ముఖం లేదు, గడపలోకి రానిస్తే చాలు.

నీ తమ్ముడు
శీను
ఇచ్చోడ