దర్జీ కూతురికి కుట్టుపని

పుంగనూరు,
4-7-1949

అక్కా,

కుప్పం కబుర్లు అడగకుండానే నా గొడవ మొదలుపెడుతున్నాను, కోపగించుకోకు.

మా హైస్కూల్లో ఈ ఏడు నాలుగో ఫారం నుంచి చదువుతోబాటు ఒక పని కూడా నేర్పాలన్నారు. మగపిల్లలకు టైపు, ఆడపిల్లలకు కుట్టు. కుట్టు వచ్చా అని హెడ్మాస్టరు అడిగితే, ఉద్యోగం పోతుందేమోనని వచ్చన్నాను. నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదని నీకొక్కదానికే తెలుసు.

దర్జీ అలావుద్దీన్ కూతురు మున్నీ పేరు నేనే సంబరంగా కుట్టులో రాసుకున్నాను. నెలరోజులుగా క్లాసు నడుపుతున్నది ఆ పిల్లే. నేను పక్కన నిలబడి "బాగుంది" అంటున్నాను.

ఈరోజు వాళ్ల నాన్న వచ్చాడు.

"మిషను మా ఇంట్లోనే ఉండాది, నేర్పేదానికి నేనుండాను. నాకు రానిది నేర్పిస్తారని కదమ్మా ఈడికి పంపేది? టైపులో ఎయ్యండి."

"అక్కడంతా మగపిల్లలే," అన్నాను.

"మా అంగడికి వచ్చేదీ మగోళ్లే కదమ్మా!"

హెడ్మాస్టరు నా ఇష్టమన్నారు. మున్నీని ఆపాలనే అనిపించింది. అది ఆ పిల్ల మంచికో, నా ఉద్యోగం కోసమో ఎంత ఆలోచించినా తేలలేదు. తేలకుండానే అతను తెచ్చిన దరఖాస్తు మీద సంతకం పెట్టేశాను. ఇప్పటికీ తేలలేదు.

వచ్చే సోమవారం నుంచి మున్నీ టైపుకు వెళుతుంది. ఆరోజు నా క్లాసులో చొక్కాకు కాజాలు కుట్టే పాఠం. అలావుద్దీన్‌ను అడగడానికి నాకు మొహం చెల్లదు.

శనివారం బస్సుకు వచ్చెయ్యి. నీ కత్తెర మరిచిపోకు.

నీ చెల్లెలు