రాబర్ట్ గారి ఇంటిపేరు

ఉంటర్‌ఫ్యోరింగ్,
జనవరి 2021

డాక్టర్ బాలామణి గారికి నమస్కారాలు.

మీరు జర్మన్‌లో రాసిన ఉత్తరం అందింది. సంతకం చూసి, ధైర్యం చేసి తెలుగులో జవాబిస్తున్నాను. మీవారు రాబర్ట్ కరీ గారు నిరుడు పోయారని చదివి బాధ కలిగింది. ఆయన పూర్వీకులు స్కాట్లాండ్ నుంచి ఐర్లాండ్‌లోని అల్‌స్టర్‌కు వలస వెళ్ళారనీ, ఆయన కాగితాల్లో ఇంగ్లీషు స్పెల్లింగులో ‘కరీ’ చివర ఒకచోట ‘ఐ-ఈ’, ఇంకోచోట ‘వై’ ఉన్నాయనీ, సమాధిరాయి మీద ఏది చెక్కించాలో తేలడం లేదనీ రాశారు. టెలిఫోన్ డైరెక్టరీలో ‘వి. కర్రి’ అని చూసి నేను ఆయన చుట్టాన్ననుకున్నారు. అయ్యో మేడం, మేం తూర్పుగోదావరి కర్రివాళ్ళం! అయినా అల్‌స్టర్‌లో నేనూ వాకబు చేస్తాను.

ఇట్లు,
విశ్వతేజ కర్రి

తా.క.: ఇంటి బెల్లు మీద ‘కర్రి’ చూసి, కర్రీ హోటలనుకుని, పార్సెల్ కడతారా అని ఇద్దరు అడిగారు.

జీగెన్,
ఫిబ్రవరి 2021

చిరంజీవి విశ్వతేజకు ఆశీస్సులు.

పోస్టులో తెలుగు అక్షరం చూసి ఎన్నేళ్ళయిందో! కాకినాడ నుంచి డాక్టరుగా వచ్చిన కొత్తలో అమ్మ రాసేది. రాబర్ట్ అప్పుడిక్కడ ఇంజనీరు. మా ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, ఆ ఉత్తరాలు అర్థం కాకపోయినా చదివించుకునేవాడు. ఇంట్లో తన ఊరి సంగతెత్తితే మాత్రం లేచి కిటికీ దగ్గరికి వెళ్ళేవాడు.

ఒక అనుమానం. అల్‌స్టర్ వాళ్ళు లోకమంతా తిరిగారు. గోదావరికి రాలేదని ఏముంది? మీ ముత్తాతది ఎర్రజుట్టా? మీ నాయనమ్మగారిని కనుక్కో.

శుభం కోరే,
బాలామణి

తా.క.: రాబర్ట్ ముక్కు కాస్త ఎడమకి వంగేది. నీ ముక్కు సంగతి రాయి.

ఉంటర్‌ఫ్యోరింగ్,
మార్చి 2021

గౌరవనీయులైన బాలామణి గారికి,

కొంప మునిగింది. నాయనమ్మ అలివేలుమంగకి ఫోన్ చేశాను. “ఇంటిపేరు, ముత్తాత, ముక్కు... ఇన్ని అడుగుతున్నారంటే సంబంధమేరా! పిల్లెవరు?” అంది.

“పిల్ల కాదే, ఆవిడది నీ వయసే” అన్నాను.

“ఒరేయ్! పైగా ఇద్దరిదీ ఒకే ఇంటిపేరంటున్నావు, అన్నాచెల్లెళ్ళవుతార్రా!” అని పెట్టేసింది. అరగంటలో అమ్మ ఏడుస్తూ చేసింది.

అసలు కబురు: అల్‌స్టర్‌లో ఒక చర్చికి మెయిల్ పెడితే, రాబర్ట్ గారి పినతండ్రి కూతురు ఫోన్ చేశారు. ఆయన తాతగారూ, తాతగారి తమ్ముడూ పొలం గట్టు దగ్గర కొట్టుకున్నారట. పంతంకొద్దీ తమ్ముడు ‘ఐ-ఈ’ తీసేసి ‘వై’ పెట్టుకున్నాడట. ఆ తమ్ముడే పిల్లల్లేక రాబర్ట్ గారిని పెంచుకున్నాడు. నువ్వు ఏ ఇంటివాడివని అందరూ అడుగుతుంటే పడలేక, చివరికి రాబర్ట్ గారు ఊరే వదిలేశారట. ఇప్పుడు ఏది చెక్కినా ఒక ఇంటికి కోపమే.

తెలుగులో చెక్కిస్తేనో? మనకు ‘ఐ-ఈ’ లేదు, ‘వై’ లేదు. ఆయన పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చువేసి దీనితో పంపుతున్నాను.

మీ
విశ్వతేజ

తా.క.: ముక్కు తిన్నగానే ఉంది. ఇంట్లో పరువే వంగింది.

జీగెన్,
మే 2021

చిరంజీవి విశ్వతేజకు,

రాయి నిలబెట్టడానికి మొన్న టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికింది. మాస్కులతో నేనూ, చెక్కిన పెద్దాయనా, ఇద్దరమే. ఆయన గుడ్డ తీశాడు. ‘రాబర్ట్ కర్రి’ అని ఉంది!

అలవాటుకొద్దీ నీ ఇంటిపేరు కొట్టేశావు కదరా! చూసుకోకుండా దాన్నే చెక్కడానికిచ్చిన నన్నూ అనాలి. మాస్కులోపలే నిన్ను బాగా తిట్టాను. “తప్పేమైనా ఉందా?” అన్నాడాయన భయంగా. రావత్తు ఎంత ముద్దుగా చెక్కాడో! దానిమీద వేలు పెట్టి రాస్తూ నిలబడ్డాను. ఏ ఇంటివాడివని ఇక రాబర్ట్‌ని ఎవరూ అడగరు.

“లేదు, సరిగ్గానే ఉంది” అన్నాను. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

అల్‌స్టర్‌కు ఫోటో పంపాను. చదవడం రాదుగా, అది మా స్పెల్లింగేనని రెండిళ్ళవాళ్ళూ మురిసిపోతున్నారట.

మేడం అనడం మానేసి, కరోనా ఆంక్షలు తీసేయగానే రా.

నీ
బాలామణి

తా.క.: రాతి మీద పడింది కనుక నేనిప్పుడు కర్రివారి కోడలిని. మీ నాయనమ్మగారు నాకేం వరసవుతారో ఆవిడనే తేల్చమను.